గెలిచిన రోజుకని కొన్న గంజు

నేను ఒక రాగి గంజును. రెండు వందల మందికి ఒక్క వాయిలో అన్నం వండగల పెద్ద పాత్రను. నా రెండు పక్కలా ఉన్న ఇత్తడి కడియాలు పట్టుకుని నన్ను ఎత్తాలంటే నలుగురు బలమైన మగవాళ్లు కావాలి. ఇంత ఘనమైన దాన్ని కాబట్టి నా గురించి జరిగే గొడవలు కూడా ఘనంగానే ఉంటాయని మీరు అనుకోవచ్చు. ఆ రోజు జరిగింది ఉల్లిగడ్డల గొడవ.

సులోచనమ్మ సంత నుంచి తెచ్చిన ఉల్లిగడ్డలు ఎక్కడ పోయాలో తెలియక, ఇంటి నడవలో నోరు తెరుచుకుని కూర్చున్న నాలో పోసింది. సాయంత్రం ఆమె భర్త ఆగమయ్య చూశాడు. చాట తెచ్చుకుని, నా పక్కన పీట వేసుకుని, ఒక్కొక్క గడ్డనే బయటికి తీయడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నవ్?" అంది సులోచనమ్మ.

"ఉల్లిగడ్డలు తీస్తున్న."

"అవి నేనే పోసిన."

"తెలుసు. గందుకే తీస్తున్న."

"ఖాళీగ పడున్న గంజుల నాలుగు ఉల్లిగడ్డలు పోస్తె నీదేం పోయింది?"

"ఖాళీగ లేదది. ఆగుతున్నది."

"ఇరవై ఏండ్ల సంది ఆగుతనే ఉన్నది. కాళ్లు నొస్తలేవా దానికి?"

వంటింటి గడపలో నిలబడ్డ కోడలు నవనీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగమయ్య మాత్రం నవ్వలేదు. చివరి గడ్డ తీశాక, లోపల రాలిన పొట్టును భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. పూజగదిని తుడిచే మనిషి కూడా అంత శ్రద్ధగా తుడవడు.

నేను దేనికోసం ఆగుతున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

సికింద్రాబాదులో కంచరి వీరాచారి చేతుల్లో నేను పుట్టాను. రాగి రేకును కాల్చడం, సుత్తితో కొట్టడం, మళ్లీ కాల్చడం, మళ్లీ కొట్టడం. రేకు గిన్నె కావడానికి అన్ని దెబ్బలు ఎందుకని నాకు అప్పుడు తెలియదు. ఆ సుత్తి గుర్తులు ఇప్పటికీ నా ఒంటి నిండా ఉన్నాయి. పిల్లలు వాటిని తడిమి చేప పొలుసులంటారు. నన్ను చేయించింది కట్టెల అడితి దగ్గర హోటలు నడిపే హనీఫ్ సేటు. ఆయన దగ్గర ఉన్నన్నాళ్లూ నాకు తీరిక లేదు. పొద్దున పోసిన బియ్యం మధ్యాహ్నానికి మెతుకు మిగలకుండా పోయేది. ఆకలి ఎంత కచ్చితంగా, ఎంత వేళకు వస్తుందో చూసి ఆశ్చర్యపోతూ ఉండేదాన్ని. అప్పట్లో మనుషుల్లో నాకు తెలిసింది ఆకలి ఒక్కటే.

తర్వాత సేటు కొడుకులు అల్యూమినియం డేగిసాలు కొన్నారు. అవి తేలిక, పైగా కళాయి అక్కర్లేదు. నన్ను హోటలు ముందు బండల మీద అమ్మకానికి పెట్టారు. పెళ్లిళ్లవాళ్లు వచ్చి చూసేవారు, గుడివాళ్లు వచ్చి చూసేవారు, బరువు చూసి వెళ్లిపోయేవారు. ఒక సాయంత్రం రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ దిగి సైకిలు మీద వెళుతున్న ఒక మనిషి ఆగాడు. వేలి కణుపుతో నా కడుపు మీద కొట్టాడు. మోత పూర్తిగా ఆగిపోయేదాకా చెవి పెట్టి విన్నాడు.

"సేటూ, రెండొందల మందికి వస్తదా?"

"ఆరామ్‌గ వస్తది. ఇంట్ల షాదీనా?"

"షాదీ గాదు. మా కల్లెగూడ స్పోర్టింగు లీగు గెలుస్తున్నది. ఊరందరికీ బువ్వ పెట్టాలె."

"గెలిచిందా?"

"గెలుస్తది. వచ్చే ఆదివారం."

హనీఫ్ సేటు అతణ్ణి కాసేపు చూశాడు. ముహూర్తం పెట్టుకుని గిన్నెలు కొనేవాళ్లను ఆయన జీవితమంతా చూశాడు. ఇరవై ఇద్దరి కాళ్ల మీద ముహూర్తం పెట్టుకున్నవాణ్ణి అదే మొదటిసారి చూడటం అనుకుంటాను. నేనూ అదే మొదటిసారి.

కల్లెగూడ స్పోర్టింగు ఫుట్‌బాల్ క్లబ్బు. వర్క్‌షాపు గోడ వెనక ఉన్న మట్టి మైదానం వాళ్లది. గ్యాసు బండలు మోసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, కాలేజీ పిల్లలు కలిసి ఆడతారు. నగరంలోని పన్నెండు క్లబ్బులు ఏటా లీగు ఆడతాయి. అన్ని మ్యాచులూ అయ్యాక ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వాళ్లది టైటిల్. కల్లెగూడకు ఆ టైటిల్ ఎప్పుడూ రాలేదు. ఆ ఏడు మాత్రం ఒక్క మ్యాచు మిగిలి ఉండగా పట్టికలో అందరికంటే పైన ఉంది. అదీ ఆగమయ్య ధైర్యం.

రిక్షాలో నన్ను తీసుకుని ఇంటికి వచ్చినప్పుడు సులోచనమ్మ గుమ్మంలోనే ఆపింది. "ఇదేంది? ఎవల పెండ్లి?" అంది. ఆయన చెప్పింది విని, నా వైపు చూసి, ఆయన వైపు చూసి, "గుమ్మంల పడ్తదో లేదో సూసుకున్నవా?" అంది. నిజంగానే పట్టలేదు. ఒక తలుపు ఊడదీసి నన్ను లోపలికి దొర్లించారు.

ఆ ఆదివారం కల్లెగూడ ఓడిపోయింది.

ఆ సాయంత్రం ఏమవుతుందోనని నేను భయపడ్డాను. ఆశపడి కొన్న వస్తువు మీద మనుషులకు ఎంత కోపం వస్తుందో హోటల్లో చూసినదాన్ని. ఆగమయ్య వచ్చి నా అంచు మీద చేయి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తనలో తాను అన్నట్టుగా, "ఒక్క గోలు తేడా. అంటే మనం గెలిచినట్టే లెక్క. వచ్చే యేడు కళాయి ముందుగాల పోయించాలె" అన్నాడు.

కళాయి సంగతి చెప్పాలి. రాగి గిన్నెలో పులుపూ ఉప్పూ తగిలితే చిలుము పడుతుంది, తిండి విషమవుతుంది. అందుకని లోపల తగరం పూత పూయాలి. అది కొన్నాళ్లకు అరిగిపోతుంది, మళ్లీ పూయాలి. ఏటా చివరి మ్యాచుకు ముందు ఆగమయ్య కళాయి మస్తాన్‌ను పిలిపించేవాడు. మస్తాన్ వాకిట్లో గుంట తీసి, బొగ్గులు పోసి, తిత్తి ఊది, నన్ను బాగా కాల్చి, తగరం అంటుకోవడానికి లోపల నవాసాగరం పొడి చల్లేవాడు. తెల్లని పొగ ఒక్కసారిగా లేచేది. ఆ వేడి మీద తగరపు ముక్కను తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పేవాడు. అంతే, నా లోపల తెల్లవారేది. ఏళ్ల తరబడి ఎన్నిసార్లు జరిగినా నాకు అది పాతబడలేదు. ఆగమయ్య వంగి లోపలికి చూసేవాడు. ఆ మెరుపులో ఆయన ముఖం కనిపించేది. మొదటి ఏడు నల్లటి మీసాలు. తర్వాత నెరిసిన మీసాలు. తర్వాత మీసాలే లేవు. కళ్లలో వెలుగు మాత్రం కొత్త కళాయిలాగే ఉండేది. దాన్ని ఎవరు పూసేవారో నాకు తెలియదు.

చివరి మ్యాచు రోజున నన్ను తోపుడు బండి మీద మైదానానికి తీసుకెళ్లేవారు. గట్టు పక్కన మూడు బండరాళ్ల మీద కూర్చోబెట్టి, కింద కట్టెలు పేర్చేవారు. పక్కన బియ్యం బస్తాలు, వంట మాస్టరు లింగమూర్తి. కట్టెలు ముట్టించేది మాత్రం గెలిచాకే. అది ఆనవాయితీ. కాబట్టి ఎన్నడూ ముట్టించలేదు. ఆట అయిపోగానే బియ్యం షాపుకు తిరిగి వెళ్లేది, నేను బోర్లా పడుకుని ఇంటికి తిరిగి వచ్చేదాన్ని.

ఓడిపోయిన ప్రతి ఏడుకూ ఆగమయ్య దగ్గర ఒక కారణం ఉండేది. ఒక ఏడు గోల్‌కీపరు పెళ్లి ముందురోజే జరిగింది, నూనె జిడ్డు వదలని పసుపు చేతుల్లోంచి బంతి జారిపోయింది. ఇంకో ఏడు వాన. ఒక ఏడైతే కల్లెగూడ ఏడో స్థానంలో ఉంది, ఇక లెక్కల ప్రకారం కూడా టైటిల్ రాదు. అయినా మస్తాన్ వచ్చాడు, బొగ్గులు రాజుకున్నాయి.

"బాపూ, ఇగ మనకు రాదు" అన్నాడు కొడుకు భూపాల్, అప్పుడు కాలేజీలో ఉన్నాడు.

"మీద ఉన్న ఆరు జట్లు ఓడిపోతే?"

"వాళ్ల మ్యాచులు అయిపోయినయి బాపూ! అయిపోయిన మ్యాచులు ఎట్ల ఓడుతరు?"

ఆగమయ్య ఆలోచించాడు. "అవునా. సరే, కళాయి ఎట్లాగు మొదలువెట్టిండు గద. పోయనీ" అన్నాడు.

ఏడాది పొడవునా ఆయన నన్ను ఎవరికైనా ఇచ్చేవాడు. వీధిలో పెళ్లి అయితే నేను వెళ్లేదాన్ని. ఎవరైనా పోతే దినాలకు వెళ్లేదాన్ని. బోనాలకు నాలో పాయసం ఉడికేది. మురికికాలువ పొంగి బస్తీ మునిగినప్పుడు స్కూలు మేడ మీద మూడు రోజులు ఆగకుండా వండాను. ఎండాకాలం ట్యాంకరు నీళ్లు నాలోనే పట్టేవారు. నిజంగా జరిగేవాటన్నిటికీ నేను పనికొచ్చేదాన్ని. జరగనిదాని కోసం మాత్రం నన్ను దాచేవారు. సొంత ఇంటి ఉల్లిగడ్డలకు చోటివ్వని మనిషి పరాయి ఇంటి చావుకు వాళ్లు అడగకముందే నన్ను పంపేవాడు. ఇది లోభమా, ఉదారమా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇక ఆ ఉల్లిగడ్డల సాయంత్రానికి వస్తాను. ఎందుకంటే ఆ గొడవ అక్కడితో ఆగలేదు.

నవనీతకు కుట్టుపని వచ్చు. వీధిలో ఆడవాళ్లందరి జాకెట్లూ ఆమే కుడుతుంది. మిషను పడకగదిలో మంచం వెనక ఇరుకులో ఉంది. అక్కడ పగలు కూడా లైటు వేసుకోవాలి. సూదిలో దారం ఎక్కించడానికి ఆమె లేచి, నడవలోకి, నేను కూర్చున్న చోటికి వచ్చేది. ఆ ఇంట్లో మంచి వెలుతురు పడే కిటికీ ఒక్కటే. దాని కింద నేనున్నాను.

"ఆ పిల్ల గుడ్డి ఎలుతురుల కండ్లు పోగొట్టుకుంటున్నది" అంది సులోచనమ్మ. "నీ గంజేమో కిటికీ కింద రాణి లెక్క కూసున్నది. ఇగ నాతోని గాదు. ఒక మాట చెప్తున్న ఇను. ఈ యేడు మీ క్లబ్బు గెలిస్తె ఆ గంజు ఈడనే ఉంటది, నేను మల్ల నోరెత్త. గెలువకపోతె కంచరోనికిచ్చి పంపుదం. ఆడ మిషను పెట్టుకుంటది పిల్ల."

భూపాల్ చదువుతున్న పేపరు దించాడు. క్రిందటి ఏడు కల్లెగూడ కింది నుంచి రెండో స్థానంలో ఉంది. సగం మంది మంచి ఆటగాళ్లు ఆఫీసు జట్లకు వెళ్లిపోయారు. ఇది పందెం కాదు, తీర్పు. తండ్రి బతిమాలుతాడని, కనీసం గడువు అడుగుతాడని అతను ఎదురుచూశాడు.

"సరే" అన్నాడు ఆగమయ్య. సంతోషంగా అన్నాడు. తనకే ఏదో లాభం జరిగినట్టు అన్నాడు.

"బాపూ, ఆలోచించినవా? కింది నుంచి రెండోళ్లం."

"గందుకే గదరా. ఇగ కిందికి పోయే జాగ లేదు, మీదికే."

నవనీత ముందుకు వచ్చింది. "మామా, నా కోసమని పందెం పెట్టకుండ్రి. నేను లోపల్నే కుట్టుకుంట."

"పందెం గాదు బిడ్డా. పందెమంటే ఓడేది గూడ ఉంటది" అన్నాడాయన.

నా లోపల ఏమీ లేదు అప్పుడు. అయినా ఆ మాట చాలాసేపు నాలో మోగింది. నన్ను కరిగించే కొలిమి దగ్గరకు పంపడానికి ఒప్పుకున్న మనిషి మీద నాకు కోపం రావాలి. రాలేదు. నన్ను పోగొట్టుకోవచ్చునన్న ఊహే ఆయనకు తట్టలేదు. అంత నమ్మకాన్ని అంత దగ్గర నుంచి చూస్తే ఎవరి కోపమూ నిలవదు.

ఆ ఏడు ఆటలు మొదలయ్యాయి. మొదటి మ్యాచు డ్రా. రెండోది గెలిచారు. మూడోది గెలిచారు. వార్తలు నాకు ఆదివారం సాయంత్రాలు ఆగమయ్య చెప్పుల చప్పుడులోనే తెలిసేవి. కెప్టెన్ అన్వర్, పగలు ఆటో నడిపే కుర్రవాడు, చిరిగిన జెర్సీలు నవనీతకు తెచ్చి ఇచ్చేవాడు. ఆమె వాటిని కుడుతూ మొదట ఏమీ అడిగేది కాదు. తర్వాత ఎలా చిరిగిందని అడగసాగింది. "వెనక నుంచి గుంజిండు వదినా, లేకుంటె గోలే" అని అన్వర్ చేతులు తిప్పుతూ వివరించేవాడు. ఆమె సూది ఆపి వినేది. వర్షాకాలం అయ్యేసరికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో భూపాల్‌కు ఆమే చెబుతోంది.

సులోచనమ్మ ఇది గమనించింది. "నువ్వెవల దిక్కే?" అని ఒకసారి అడిగింది. నవనీత పళ్లతో దారం తెంపుతూ, "జెర్సీ కుడుతున్న అత్తమ్మా, అంతే" అంది.

చివరి మ్యాచు నాటికి పట్టికలో పైన బోయిగడ్డ యూనియన్, ఒక్క పాయింటు తేడాతో కింద కల్లెగూడ. ఆ రెండు జట్లకే మ్యాచు. బోయిగడ్డకు డ్రా చాలు. కల్లెగూడ గెలవాలి.

ఆ ఉదయం మస్తాన్ కళాయి పోశాడు. మధ్యాహ్నం నన్ను మైదానానికి తీసుకెళ్లారు. వీధి వీధంతా వచ్చింది, ఎప్పుడూ రాని సులోచనమ్మతో సహా. గట్టు అవతల బోయిగడ్డవాళ్లు నన్ను చూసి లేచి చప్పట్లు కొట్టారు.

"అగో, గంజొచ్చింది! ఈసారన్న ముట్టిస్తరా, ఉత్తగనే ఊరేగిస్తరా?"

"ఆగుండ్రి, మీకు గూడ పెడ్త" అన్నాడు ఆగమయ్య. అందరూ నవ్వారు. ఆయన వేళాకోళం ఆడటం లేదని నాకొక్కదానికే తెలుసు. కల్లెగూడవాళ్లు ఎంత లెక్కపెట్టినా నూట ఇరవై మంది దాటరు. రెండు వందల మందికి సరిపడే గంజు అడిగిన రోజే, ఓడిపోయినవాళ్లను కూడా ఆయన పంక్తిలో కూర్చోబెట్టుకున్నాడు.

ఆట మొదలైన కాసేపటికే బోయిగడ్డ గోలు కొట్టింది. తర్వాత కల్లెగూడ కుర్రవాళ్లు పరిగెత్తారు, పడ్డారు, లేచారు, బంతి మాత్రం గోలులోకి వెళ్లలేదు. హాఫ్ టైమ్‌కు గట్టు మీద సగం మంది లేచి పంచెలు దులుపుకుంటున్నారు. లింగమూర్తి గరిటెను గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. ఏటా చేసే పనే కాబట్టి చక్కగా చుడతాడు.

ఆగమయ్య అతని దగ్గరకు వచ్చాడు. "మాస్టరూ, ఈ గంజుల నీళ్లు కాగాల్నంటె ఎంతసేపు పడ్తది?"

"ముప్పావు గంట ఎటూ పోదు."

"ఆట ఇంకెంతసేపున్నది?"

"గంతే ఉంటది."

"మరి?"

లింగమూర్తికి అర్థం కాలేదు. అర్థమయ్యాక గరిటె చేతిలోంచి జారింది. "పెద్దయ్యా, ఓడిపోతున్నం గద!"

"ఆట అయినంక ముట్టిస్తె పిల్లలు తినేసరికి ఏ యాల్లయితది? ఇంత ఎండల ఉరుకుతున్నరు. నీళ్లు పొయ్యి."

భూపాల్ వచ్చి తండ్రి చేయి పట్టుకున్నాడు. "బాపూ, గెలిచినంకనే ముట్టిస్తరు గద. నలుగురు నవ్వుతరు."

"ఇన్నేండ్లు గెలిచినంక ముట్టిద్దమనే ఆగినం. ఏమన్న అయిందా?" అన్నాడు ఆగమయ్య. భూపాల్ చేయి వదిలేశాడు.

ముందు నీళ్లు పోశారు. అది ఆయన మరచిపోలేదు. ఒట్టి గిన్నె కింద మంట పెడితే కళాయి కరిగి జారిపోతుంది. బిందెల మీద బిందెలు నాలోకి వచ్చాయి. తర్వాత ఆయనే వంగి, అగ్గిపుల్ల గీసి, కట్టెల కింద పెట్టాడు.

పెళ్లిళ్ల మంటలు నాకు తెలుసు, చావు ఇళ్ల మంటలూ తెలుసు. అవన్నీ జరిగిపోయినవాటి మంటలు. ఇంకా జరగని దానికోసం, జరిగేలా కనిపించని దానికోసం నా కింద మంట వెలగడం అదే మొదలు. అది నా అడుగున తాకినప్పుడు నాకు కలిగినదాన్ని భయమనాలో భక్తి అనాలో తెలియదు. రాగికి వేడి త్వరగా ఎక్కుతుందని మాత్రం చెప్పగలను.

రెండో సగం ఆట మొదలయ్యేసరికి పొగ మైదానం మీదికి పోయింది. రెఫరీ ఆట ఆపి ఈల ఊదుకుంటూ వచ్చాడు. ఆగమయ్య చేతులు జోడించి, "అన్నం సారూ. పొగ అటు రాకుండ చూస్తం" అన్నాడు. నవనీతా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ రేకు తెచ్చి గాలికి అడ్డం పట్టుకున్నారు. బోయిగడ్డ వైపు నుంచి, "ఓడిపోయినోళ్ల దావత్!" అని కేకలు. పొగ చూసి ఆటగాళ్లకు బలం వచ్చిందని తర్వాత చాలామంది చెప్పుకున్నారు. నేను నమ్మను. పొగ వల్ల వచ్చేది దగ్గు. కానీ అన్వర్ ఒకసారి బంతి కోసం గట్టు పక్కకు వచ్చి, నా కింద మంట చూసి, అలా నిలబడిపోయాడు. "తాతా, ముట్టించినవా?" అన్నాడు. "బియ్యం గూడ కడుగుతున్నం. నువ్వు పో" అన్నాడు ఆగమయ్య. అన్వర్ ముఖంలో అప్పుడు కనిపించినది బలం కాదు. తన తల మీద ఎవరో బిందె పెట్టారు, ఇక ఒలకకుండా నడవాలి, అలా ఉంది.

నా అంచుల దగ్గర నీళ్లు చిన్నగా పలకడం మొదలయ్యాక మొదటి గోలు వచ్చింది. ఎడమ పక్క నుంచి వచ్చిన బంతిని ఎవరు తోశారో గుంపులో కనిపించలేదు, వల మాత్రం కదిలింది. గట్టు మీద అందరికంటే ముందు అరిచింది నవనీత. చేతిలోని రేకు వదిలేసి, చెప్పులు వదిలేసి, గీత దాకా పరిగెత్తింది.

సులోచనమ్మ వెనకే వెళ్లి భుజం పట్టుకుంది. "ఎందుకే గంత ఒర్లుతున్నవ్? గెలిస్తె నీ కిటికీ పాయె!"

"పోతే పోనీ అత్తమ్మా!" అంది నవనీత, తల తిప్పకుండానే. "ఆ కార్నరు చూడు! ఆడ ఎవలూ లేరు చూడు!"

వెలుతురు కోసం ఇన్నేళ్లు నా పక్కకు వచ్చి సూదిలో దారం ఎక్కించుకున్న పిల్ల. ఆ గోలు తనకు వ్యతిరేకమని తెలుసు. తెలిసి అరిచింది. మనుషులు ఆకలికే కచ్చితంగా వస్తారని హోటల్లో నేర్చుకున్నదాన్ని, ఆ పాఠాన్ని ఆ సాయంత్రం సగానికి చెరిపేసుకున్నాను.

రెండో గోలు ఆ కార్నరు నుంచే వచ్చింది. కాకపోతే వెంటనే కాదు. కాళ్లు పట్టేసి కొందరు కూలబడ్డాక, రెఫరీ గడియారం చూసుకుంటూ ఉండగా, నా మూత కింది ఆవిరికి తట్టుకోలేక టకటకమని కొట్టుకుంటున్నప్పుడు. కార్నరు కిక్కుకు బంతి గాలిలో లేచింది. అన్వర్ అందరికంటే పైకి లేచాడు. అంతే.

ఈల మోగింది. గట్టు మొత్తం మైదానంలోకి ఒలికిపోయింది. డప్పులు, ఈలలు, మట్టి. నా దగ్గర మిగిలింది ఆగమయ్య ఒక్కడే. ఆయన అరవలేదు. ఎగరలేదు. నా పక్కన మట్టిలో కూలబడి, భూపాల్ పరిగెత్తుకు వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

"గెలిచినమా?" అని అడిగాడు.

"గెలిచినం బాపూ!"

"ఆఫ్‌సైడ్ గాదు గద?"

"కార్నరుకు ఆఫ్‌సైడ్ ఏంది బాపూ?"

"రెఫరీ మల్ల ఏమన్న అంటడా?"

"ఏమనడు. అయిపోయింది."

ఇన్నేళ్లూ ఎవరు కాదన్నా నమ్మిన మనిషి, అందరూ నమ్మిన రోజున ఒక్కడే నమ్మలేకపోయాడు. చివరికి సులోచనమ్మ వచ్చి ఎదురుగా నిలబడితే, చిన్నపిల్లవాడిలా తలెత్తి అడిగాడు. "సులోచనా, గెలిచినమా?"

ఆమె కొంగుతో ఆయన నుదుటి మీది మసి తుడిచింది. "గెలిచినవయ్యా, గెలిచినవ్. నీళ్లు మరుగుతున్నయి. లేసి బియ్యం పోయిపియ్యి."

ఆ సాయంత్రం నాలో బగారన్నం ఉడికింది. లవంగం, చెక్క, పుదీనా వాసన గట్టు దాటి వర్క్‌షాపు గోడ దాకా పోయింది. లింగమూర్తి ఇన్నేళ్ల బాకీ తీర్చుకుంటున్నట్టు గరిటె తిప్పాడు. గెలిచిన లీగు కప్పును తెచ్చి నా పక్కన పెట్టారు. అప్పుడు చూశాను దాన్ని. నా మూత కంటే చిన్నది, పైపూత అప్పుడే ఒక చోట లేచిపోయింది. ఇంత చిన్న దానికోసం ఇంత పెద్ద నన్ను కొన్నారు. నవ్వు రావలసింది, రాలేదు. బోయిగడ్డ కుర్రవాళ్లు మొదట దూరంగా నిలబడ్డారు. ఆగమయ్య స్వయంగా వెళ్లి, ఒక్కొక్కరి చేయి పట్టుకుని తెచ్చి విస్తళ్ల ముందు కూర్చోబెట్టాడు. రెండో మారు వడ్డించేసరికి ఆఖరి గోలు గురించి వాళ్లూ వీళ్లూ కలిసే పోట్లాడుకుంటున్నారు.

అందరూ తిన్నాక ఆగమయ్య ఇంటి నలుగురూ నా పక్కనే చాప వేసుకుని కూర్చున్నారు. దీపాల వేళ. కింద నిప్పులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. నవనీత అడుగున మిగిలినది గీకి నాలుగు విస్తళ్లలో సర్దింది. సులోచనమ్మ ఏదో అనబోయి, కోడలి వైపు చూసి మానుకుంది. నవనీత తల వంచుకుని తింటోంది.

"ఇగ గంజు మన ఇంట్లనే, కిటికీ కిందనే" అన్నాడు భూపాల్. "మాట మాటే."

"లేదు" అన్నాడు ఆగమయ్య. అన్నం కలుపుతూ, మామూలుగా అన్నాడు. "గంజు రేపు పొద్దుగాల వీరాచారి కొడుకు దగ్గరికి పోతది."

ముగ్గురి చేతులూ ఆగిపోయాయి.

"గెలిచినం గదయ్యా!" అంది సులోచనమ్మ. ఎప్పుడూ నన్ను పంపేయమన్న గొంతు అది. "గెలిస్తె ఉంటదనే గద అనుకున్నది? ఇన్నేండ్లు మోసి ఇయ్యాల ఇచ్చేస్తవా?"

"గెలిచినం గాబట్టే. చూసినవ్ గద, బోయిగడ్డ పిల్లలకు ఆఖరుకు అడుగు మాడింది పెట్టవలసొచ్చింది. సరిపోలే. ఇగ మనోళ్లు రాష్ట్ర లీగు ఆడుతరు. జిల్లాల నుంచి జట్లొస్తయి, వాళ్ల వెనక మనుషులొస్తరు. దీన్ని కరిగిచ్చి, ఇంకింత రాగి కలిపి, మూడొందల మందికి వచ్చేటట్టు చెయ్యమంట."

"మూడొందల మంది గంజు నడవల పడ్తదా బాపూ?"

"పట్టదు. క్లబ్బు రూముల పెట్టిస్త. నడవల మిషను పెట్టుకో బిడ్డా."

నవనీత కళ్లు కిటికీ కోసం మెరిశాయనుకున్నాను. కానీ ఆమె అడిగింది వేరు. "మామా, రాష్ట్ర లీగు గెలుస్తమా?" నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"గెలుస్తం" అన్నాడు ఆగమయ్య.

నేను వింటున్నాను. రేపు నన్ను మళ్లీ నిప్పుల్లో వేస్తారు. ఈ సుత్తి గుర్తులు, ఈ పొలుసులు, ఇవాళే వేసిన కళాయి, ఏదీ మిగలదు. బాధపడాలని ప్రయత్నించాను. కుదరలేదు. ఒక గెలుపు దక్కితే ఈ మనిషి తృప్తిపడి కూర్చుంటాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆయన కడుపు నిండేసరికి నన్నే చిన్నదాన్ని చేసేశాడు. ఇలాంటి మనిషి ఆశలో ఒక ముక్కగా కలిసిపోవడం కంటే రాగికి పెద్ద పని ఏముంటుంది?

సులోచనమ్మ విస్తరి మడిచింది. లేవబోయి మళ్లీ కూర్చుంది.

"మూడొందలకు గాదు, నాలుగొందలకు చెయ్యమను" అంది. "మా అక్కోళ్లు గూడ వస్తరు."